అలిగి పోయే బండి

మా ఇంట్లో అందరికీ, అలిగినప్పుడు పోవడానికి ఒక చోటు ఉంది. నాయిన అలిగితే పొలం దగ్గర మోటరు కొట్టంలో మంచం వాల్చుకుని గోడ వైపు తిరిగి పడుకుంటాడు. అమ్మ అలిగితే సంచిలో రెండు చీరలు కుక్కుకుని, పాలకుర్తిలో ఆటో ఎక్కి, పెద్దవంగరలో ఉన్న పుట్టింటికి పోతుంది. నాయిన వెనకాలే పోయి బతిమిలాడి తీసుకురావాలి. దీనికొక పద్ధతి ఉంది. అలిగినవాళ్ళు ఎదుటివాళ్ళు చూస్తుండగా లేచి పోవాలి. అలిగించినవాళ్ళు వెతుక్కుంటూ పోయి "ఏమైంది, నీకేం కావాలె" అని అడగాలి. అలిగినవాళ్ళు కాసేపు పలకకూడదు. ఆ తర్వాత ఏదో ఒకటి అడిగి, అది ఒప్పించుకుని, ఇంటికి రావాలి.

నాకు మాత్రం ఈ పద్ధతిలో ఏదీ కుదిరేది కాదు. చిన్నప్పటినుంచి నా కాళ్ళు పనిచేయవు. కుడిచేతి వేళ్ళు సగం వరకే ముడుచుకుంటాయి. నోరు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కాళ్ళకు పోవలసిన బలం కూడా అక్కడికే పోయిందని మా పెద్దమ్మ అంటుంది. ఎనిమిది దాకా చదువుకున్నాను. తొమ్మిదో తరగతి మేడ మీద పెట్టారు, నా చదువు కిందే ఆగిపోయింది.

అప్పట్లో నాకు నెట్టుకుని పోయే చక్రాల కుర్చీ ఉండేది. నెట్టేది అమ్మ. అంటే, నేను అమ్మ మీద అలిగితే నన్ను తీసుకుపోవలసింది కూడా అమ్మే.

"అమ్మా, నేను నీ మీద అలిగిన."

"సరే. యాడికి పోతవ్?"

"పెద్దమ్మ ఇంటికి."

"జర ఆగు. కూర దించి వస్త."

కూర దించి, చెయ్యి తుడుచుకుని, నా జుట్టు చెదిరి ఉంటే దువ్వి మరీ బయలుదేరదీసేది. పెద్దమ్మ, అంటే మా నాయిన వాళ్ళ వదిన, మా వాడకట్టు చివర ఉంటుంది. ఆమె వాకిట్లో మెట్లు లేవు. నేను అలగడానికి ఊళ్ళో పనికొచ్చే ఇల్లు అదొక్కటే. దారిలో బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు అడిగేవాళ్ళు.

"ఏంది, తల్లిబిడ్డలు ఎటు బయలెల్లిండ్రు?"

"నా మీద అలిగిందంట. దింపి రానీకి పోతున్న."

బిందె పక్కన పెట్టి మరీ నవ్వేవాళ్ళు. నేను మొహం గంటు పెట్టుకుని కూర్చునేదాన్ని. కానీ తోసేది వెనకున్న అమ్మ కదా, ఆ గంటు మొహం చూడవలసిన మనిషికే కనబడేది కాదు. ఎదురొచ్చిన మేకలు చూసేవి.

సాయంత్రం అమ్మ మళ్ళీ వచ్చేది. ఏమైంది అని అడిగేది కాదు, ఏం కావాలె అని అడిగేది కాదు. పెద్దమ్మతో చింతపండు ధర మాట్లాడుతూనే కుర్చీని ఇటు తిప్పేది, నెట్టేది. నా అలక సంగతి అంతటితో అయిపోయేది. వెళ్ళేటప్పుడు ఎంత కోపం ఉందో వచ్చేటప్పుడు అంతకు రెట్టింపు ఉండేది.

అందుకే భూపాలపల్లి నుంచి మా మామ ఫోన్ చేసి "కోడలా, నీకొక బ్యాటరీ కుర్చీ దొరికింది" అన్నప్పుడు నాకు ముందు తట్టింది దవాఖానా కాదు, గుడీ కాదు. ఇక నుంచి అమ్మ చూస్తుండగా, చెప్పకుండా, అలిగి వెళ్ళిపోవచ్చు అని తట్టింది. ఆ రోజు సంతోషంతో అన్నం ఎక్కువ తిన్నాను. అమ్మ నా మొహం చూసి "ఏంది గంత కుశీ" అంటే "ఏం లే" అన్నాను.

మామ అమ్మకు తమ్ముడు. బొగ్గుబాయిలో కరెంటు పని చేస్తాడు. వాళ్ళ క్వార్టర్ల వరసలో ఒకాయన కొత్త కుర్చీ కొనుక్కుని, పాతది ఎవరికైనా పనికొస్తుందేమో చూడమని ఇచ్చాడట. మామ దాన్ని ట్రాలీ ఆటోలో, కింద వడ్ల బస్తాలు పరిచి, తాళ్ళతో కట్టి తెచ్చాడు. ఊళ్ళోకి రాగానే వాడకట్టంతా గుమిగూడింది. నల్లటి కుర్చీ, కింద రెండు పెద్ద బ్యాటరీలు, కుడి చేతి దగ్గర ఒక చిన్న డబ్బా, దాని మీద బొటనవేలంత పిడి. ఆ పిడిని ఎటు వంచితే కుర్చీ అటు పోతుంది.

నేను ఎక్కబోతుంటే పెద్దమ్మ అడ్డం నిలబడింది.

"కొత్త బండి. పూజ చెయ్యకుండనే ఎక్కుతవా?"

"కొత్తది కాదు పెద్దమ్మా, పాతదే."

"మన ఇంటికి కొత్తదే కద."

మా దగ్గర సైకిల్ కొన్నా, ట్రాక్టర్ కొన్నా, వరికోత మిషన్ కొన్నా పూజ చేయకుండా కదిలించరు. కాబట్టి చక్రాలకు పసుపు రాశారు, వెనక బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను ఆ ఏర్పాట్లన్నీ పెళ్ళికూతురిలాగా పాత కుర్చీలో కూర్చుని చూశాను. ఇక కొబ్బరికాయ. ట్రాక్టర్‌కైతే ముందర ఇంజన్ మీద నీళ్ళు పోస్తారు. కుర్చీకి ఇంజన్ ఏది అని పెద్దమ్మ మామను అడిగింది. మామ అప్పుడు ఆటో తాళ్ళు విప్పుతున్నాడు. తల ఎత్తకుండానే "అంత ఆ డబ్బల్నే ఉన్నదక్కా" అన్నాడు.

పెద్దమ్మ ఆ డబ్బా మీద భక్తిగా, ఒక్క చుక్క కింద పడకుండా, కాయలో నీళ్ళన్నీ పోసింది.

మామ పరుగెత్తుకొచ్చేసరికి డబ్బా మీద దీపం ఒకటి ఎర్రగా వెలిగి ఆరిపోయింది. ఆరబెట్టి, తుడిచి, నన్ను ఎక్కించి చూశారు. పిడిని ముందుకు వంచితే కుర్చీ ఎడమకు తిరిగింది. వెనక్కి వంచితే ఎడమకు తిరిగింది. కుడికి వంచినా ఎడమకే తిరిగింది. నిమ్మకాయలు నలిగిపోయాయి. నేను వాకిట్లో గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాను, ప్రతి చుట్టులో ఒకసారి అమ్మ, ఒకసారి పెద్దమ్మ, ఒకసారి మామ, ఒకసారి బర్రె కనబడుతున్నారు.

"ఇంటి ముంగట ప్రదక్షిణం చేస్తున్నదే బిడ్డ, మంచి శకునం," అన్నది పెద్దమ్మ.

"అక్కా, బాయిల గిట్ల చేస్తె నా నౌకరి పోతుండె," అన్నాడు మామ తీగ పీకేసి.

డబ్బాను విప్పి, తడిసిన ఫోన్‌ను పెట్టినట్టు దాన్ని బియ్యం డ్రమ్ములో పాతిపెట్టాడు. అది ఆరేదాకా అమ్మ ఆ డ్రమ్ములోంచే బియ్యం తీసి వండింది. అన్నం వడ్డించిన ప్రతిసారి నాయిన పళ్ళెంలోకి అనుమానంగా చూసి "ఏదన్న నట్టు గిట్ల వస్తె చెప్పుండ్రి, దాసిపెడ్త" అనేవాడు.

డబ్బా ఆరింది. మామ సెలవు పెట్టి మళ్ళీ వచ్చాడు, ఈసారి స్క్రూడ్రైవర్లు, టేపు, తీగచుట్టతో సహా. అసలు పని అప్పుడు మొదలైంది. పిడి కుడివైపున ఉంటే నాకు లాభం లేదు. మామ డబ్బాను ఎడమ చేతివైపుకు మార్చాడు, తీగ పొట్టిదైతే అతికి పొడుగు చేశాడు. అయినా ఒక చిక్కు వచ్చింది. నా ఎడమచెయ్యి కూడా పెద్ద పహిల్వాన్ చెయ్యి కాదు. సన్నటి పిడిని వేళ్ళతో పట్టుకుంటే కాసేపటికే గుంజుతుంది. అరచెయ్యి బోర్లించి ఆనించుకోవడానికి ఏదైనా ఉండాలి.

నాయిన ట్రాక్టర్ గేరుకు ఉండే గుండ్రటి గుబ్బ తెచ్చాడు. మామ దాన్ని పిడికి బిగించాడు. అది బరువు. నేను చెయ్యి తీసినా తన బరువుకు తనే ముందుకు వంగి, కుర్చీ నన్ను తీసుకుని కోళ్ళ గూడులోకి పోయింది. తర్వాత రబ్బరు బంతి. చెమటకు జారింది. తర్వాత పెద్దమ్మ, కొబ్బరికాయ పాపం కడుక్కోవడానికో ఏమో, చిన్న ఇత్తడి గిన్నె తెచ్చి బోర్లించమన్నది. ఎండకు కాలి చెయ్యి సుర్రుమంది.

చివరికి పనికొచ్చింది బొంగరం. అంగట్లో పిల్లలు కొనుక్కునే కట్టె బొంగరం. మామ దాని మేకు పీకి, ఆ రంధ్రాన్నే పెద్దది చేసి పిడికి తొడిగాడు. మొన కిందికి పోయింది, బోర్లించిన గిన్నెలాంటి వెడల్పు భాగం పైకి వచ్చింది. నా అరచేతికి అచ్చంగా సరిపోయింది. ఎరుపు, పచ్చ గీతలు కూడా ఉన్నాయి. వేలితో పొడిస్తే చాలు, కుర్చీ కదులుతుంది.

ఇక గడప. మా గడప ఎత్తు. మామ రంపం తీసుకుని "గింత కోస్తె అయిపాయె" అన్నాడు.

అమ్మ చేటను కింద పెట్టి నిలబడింది. "గడప కోస్తవా తమ్మీ? శుక్రవారం పసుపు యాడ రాయాలె మరి, నీ నెత్తికా?"

కాబట్టి గడపను ముట్టుకోలేదు. అటకమీద పాత తలుపు రెక్క ఉంటే దాన్ని రెండు ముక్కలు చేసి, గడపకు లోపల ఒకటి, బయట ఒకటి ఏటవాలుగా వేశారు. దాంతో గడప సగం కనబడకుండా పోయింది. అమ్మ ఏం చేసిందంటే, గడపకు రాసే పసుపు ఆ చెక్కలకు కూడా రాయడం మొదలుపెట్టింది. నేను వాటి మీదుగా ఎక్కి దిగితే చక్రాలకు పసుపు అంటుకుని, నేను పోయిన చోటల్లా రెండు పచ్చ గీతలు పడేవి. వంటింట్లో బెల్లం డబ్బా దగ్గరిదాకా పోయి ఆగిన గీతలు చూసి అమ్మ డబ్బా చోటు మార్చేది.

ఇక్కడిదాకా అంతా నా రాజ్యమే. మామ పోయేముందు ఇంకొకటి బిగించాడు. అది నాకు చెప్పకుండా బిగించాడు. కుర్చీ వెనక, నా చెయ్యి అందని చోట, ఎర్రటి స్విచ్. అమ్మ అడిగిందట.

"మురికినీళ్ళ మోరీల పడితె ఎట్ల? బోరింగు కాడ నీళ్ళల్ల జారితె ఎట్ల? ఆపనీకి నాకొక స్విచ్ ఉండాలె."

"బాయిల కూడ గంతే కోడలా," అని మామ నాకు నచ్చజెప్పాడు. "నడిపెటోడు ఒకడు, ఆపెటోడు ఒకడు. ఇంకో ముచ్చట, ఆపినంక చక్రాలు బిగుసుకుంటయ్. ఇద్దరు మొగోళ్ళు నెట్టినా జరగదు. నీ దగ్గర కూడ ఆపేది ఉన్నది, ఇగో, నీ మోచేతి కింద."

నాకు ఆయన చివరి మాట అప్పుడు చెవికెక్కలేదు. ఆపేది అమ్మ దగ్గర ఉంటే అలిగేది ఎట్లా? మీరే చెప్పండి. అలిగి పోయే బండికి, ఎవరి మీద అలుగుతామో వాళ్ళ చేతిలో స్విచ్.

మామ భూపాలపల్లి బస్సెక్కిన మరునాడే పరీక్ష జరిగింది. ఏదో మాటకు మాట పెరిగి, నేను బొంగరం ముందుకు వంచాను. అమ్మ తాపీగా వెనక నడిచింది. కుర్చీ వేగం మా పెద్దమ్మ నడక వేగమే. చెక్క మీద ఎక్కి, సరిగ్గా గుమ్మం నడుమ ఉండగా టక్కుమని ఆగిపోయింది. వెనక్కి చూస్తే అమ్మ గరిటె కాడతో స్విచ్ నొక్కి నిలబడి ఉంది.

"ఇంట్లకు వస్తవా?"

"రాను."

"అయితె గీడనే ఉండు."

గుమ్మానికి అడ్డంగా నేను, కదలని కుర్చీ. పొలం నుంచి నాయిన వచ్చి బయట నిలబడ్డాడు.

"ఏందే, దారికి అడ్డం?"

"అలిగిన."

"మరి నేను ఎట్ల రావాలె?"

"అమ్మను అడుగు."

నాయిన పెరటి గోడ దూకి వచ్చి కాలు బెణికించుకున్నాడు. దాంతో అలక నాదీ కాకుండా అమ్మదీ కాకుండా నాయినదైంది. ఆయన కుంటుకుంటూ మోటరు కొట్టానికి పోయి పడుకున్నాడు.

తర్వాత అమ్మ చూడనప్పుడు పోదామా అని ఆలోచించాను. కానీ చూడకపోతే అలిగినట్టు ఎట్లా తెలుస్తుంది? ఊరికే పెద్దమ్మ ఇంటికి పోయినట్టు ఉంటుంది. చూస్తే ఆపుతుంది. చూసి కూడా ఆపలేని ఘడియ కావాలి. ఆ ఘడియ ఎండాకాలంలో వచ్చింది, మామిడికాయ తొక్కు పెట్టే రోజున.

తొక్కు కలిపేటప్పుడు మా అమ్మ ఇంకో మనిషి. తడి తగలకూడదు, చెయ్యి ఇంకోదాన్ని ముట్టకూడదు, కలపడం నడుమ ఆపకూడదు. ఎర్రటి కారం, నూనె మోచేతుల దాకా పూసుకుని పెద్ద బేసిన్ ముందు కూర్చుంది. నాకిచ్చిన పని, మూడోనాడు తొక్కు తిరగ కలిపేటప్పుడు వేసే ఎల్లిగడ్డలు ఒలవడం. ఎడమచేత్తో, గోళ్ళతో, నానా తంటాలు పడి గిన్నెడు ఒలిచాను. అమ్మ ఆ గిన్నెలో చూసి, ఒక పాయ తీసి, నేను ఒలిచినదాన్నే మళ్ళీ ఒలిచింది.

"పొట్టు పొట్టే ఉన్నది," అన్నది.

అంతే. ఒలిచింది మళ్ళీ ఒలవడం కంటే అవమానం ఏముంటుంది?

"నేను అలిగిన," అన్నాను.

"తొక్కు అయినంక అలుగు."

"ఇప్పుడే అలిగిన."

కుర్చీ తిప్పాను. అమ్మ లేవబోయి తన చేతులు చూసుకుంది. కుర్చీకి కారం అంటుతుందని ఒక బాధ, తొక్కు బూజు పడుతుందని ఒక బాధ. చేతులు పైకెత్తి పట్టుకుని నా వెనక వచ్చింది. మోచేత్తో స్విచ్ నొక్కబోయింది, అందలేదు. వంగి గడ్డంతో నొక్కబోయింది. ఈలోగా నేను చెక్క దిగి వాకిలి దాటాను. ఒకసారి పూర్తిగా వెనక్కి తిరిగి, ఇన్నేళ్ళూ దాచుకున్న గంటు మొహం ఆమెకు తీరిగ్గా చూపించి, మళ్ళీ ముందుకు తిరిగాను.

బోరింగు దగ్గర వాళ్ళే ఉన్నారు.

"ఒక్కదానివే యాడికి?"

"అలిగి పోతున్న," అన్నాను, పెళ్ళికి పోతున్నదానిలాగా.

పెద్దమ్మ నన్ను చూసి, నా వెనక చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చాయ్ పెట్టింది. చాయ్ తాగాను. ఎవరూ రాలేదు. ఇంకాసేపు కూర్చున్నాను. తొక్కు కలపడం అయిపోయి ఉండాలి, జాడీకెత్తి ఉండాలి, మూతికి బట్ట కట్టి ఉండాలి. అప్పటికీ రాలేదు. అమ్మ రాదేమో అనిపించింది. స్విచ్ లేకుండానే నా గుండె ఆగినంత పనైంది. నేనంతట నేనే పోవచ్చు, నిజమే. కానీ పిలవకుండా పోతే అది అలక ఎట్లా అవుతుంది?

చివరికి వచ్చింది. చేతులు కడుక్కున్నా మోచేతుల దగ్గర ఎరుపు పోలేదు. ఎప్పటిలాగే పెద్దమ్మతో మాట్లాడుతూ "ఈసారి కాయ పీచు ఎక్కువున్నదక్కా" అంటూ వెనక్కి వచ్చి కుర్చీ పట్టుకుని తిప్పబోయింది.

నేను మోచేతి కింద ఉన్న స్విచ్ ఆపేశాను.

కుర్చీ కదలలేదు. అమ్మ ఇంకాస్త బలంగా నెట్టింది. కాలు తన్నిపట్టి నెట్టింది. వెనక ఎర్ర స్విచ్ నొక్కి చూసింది, మళ్ళీ నొక్కి చూసింది. అది ఆపడానికే కానీ తీసుకుపోవడానికి కాదు. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"నవ్వకక్కా. జర ఓ చెయ్యి వెయ్యి."

"నాకు నడుము నొప్పి చెల్లె. తల్లిబిడ్డల నడుమ నేనెందుకు."

అమ్మ నా ముందుకు వచ్చి అరుగు మీద కూర్చుంది. నా మొహంలోకి చూసింది.

"ఏమైంది బిడ్డా? నీకేం కావాలె?"

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అదే, కానీ నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు తయారుచేసుకోలేదు. ఎల్లిగడ్డలు మళ్ళీ ఒలిచావు అని చెప్పడానికి సిగ్గేసింది. పద్ధతి ప్రకారం కాసేపు పలకకూడదు కాబట్టి ఆ కాసేపు ఆలోచించుకున్నాను.

"వెనక స్విచ్ తీసేయాలె," అన్నాను.

"మోరీల పడితె?"

"పడితె మొత్తుకుంట. నా గొంతు బోరింగు దాక వినబడదా?"

"పెద్దవంగర దాక వినబడుతది," అన్నది పెద్దమ్మ.

అమ్మ చాలాసేపు తన మోచేతుల మీది కారాన్ని గోకుతూ కూర్చుంది. ఆ తర్వాత ఫోన్ తీసింది. "తమ్మీ, ఈసారి వచ్చినప్పుడు ఆ ఎర్రది పీకేసి పో. ఆ, నేనే చెప్తున్న. ఎందుకంటె నీకెందుకు." ఫోన్ కొంగున చుట్టి లేచింది. "పా మరి."

"చాయ్ ఉన్నది ఇంకా," అన్నాను. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయింది.

గ్లాసులోకి చూసింది. "పొయ్యి మీద బువ్వ పెట్టొచ్చిన, నేను పోతున్న. నువ్వు రా," అని చెప్పి ఒక్కతే నడిచింది. మలుపు దగ్గర చెప్పులో రాయి పడ్డట్టు వంగింది. చెప్పు సరిచేసుకునే వంకతో వెనక్కి చూసి, నేను చూస్తున్నానని తెలిసి, చప్పున పోయింది.

నేను ఇంకో సగం గ్లాసు చాయ్ పోయించుకుని తాగి, పొద్దు వాలుతుంటే బయలుదేరాను. దారంతా నా పచ్చ గీతలు పోయినవి పోయినట్టే ఉన్నాయి. వాటి పక్కనే వచ్చే గీతలు వేసుకుంటూ వచ్చాను. నాయిన అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఎవలు గెలిచిండ్రు?"

"నేనే."

"మరి మీ అమ్మ ఎందుకు నవ్వుకుంట ఎల్లిగడ్డలు ఒలుస్తున్నది?"

చెక్క ఎక్కి లోపలికి పోయి చూశాను. నా గిన్నె అమ్మ ముందు ఉంది. నేను ఒలిచినవన్నీ ఒక్కొక్కటే మళ్ళీ ఒలుస్తోంది.

బొంగరం మీద చెయ్యి వేశాను. కానీ బువ్వ వాసన వస్తోంది, కొత్త తొక్కు వాసన వస్తోంది. తిన్నాక అలుగుదామని ఆగాను.